ఇంట్లో ఉంచుకునే తుపాకి: రివాల్వరా, పిస్టలా?

సంపాదకులకు నమస్కారం.

లైసెన్సు తుపాకుల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన కథనం చదివాను. దరఖాస్తు ఎలా పెట్టుకోవాలి, ఎవరికి ఇస్తారు, ఎవరికి ఇవ్వరు అన్నదంతా బాగానే రాశారు. చివర్లో మాత్రం రివాల్వర్ (తిరిగే సిలిండర్‌లో తూటాలు పెట్టేది) పాతకాలపుదని, ఆరు రౌండ్లే, అంటే ఆరు తూటాలే పడతాయని, ఇప్పుడు కొనేవాళ్లు పిస్టల్ (పిడిలో తూటాల డబ్బా ఉండేది) తీసుకోవడమే మంచిదని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఆ రెండు ముక్కలు నమ్మి ఎవరైనా పిస్టల్ కొని ఇంటికి తెచ్చుకుంటారేమోనన్నది నా భయం, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. మొత్తం వేయడం కుదరకపోతే చాంబర్, అంటే పేలబోయే తూటా కూర్చునే గది గురించి రాసిన భాగమైనా వేయండి.

నేను సైన్యంలో ఆర్మరర్‌గా పనిచేసి వచ్చినవాణ్ణి. అంటే యూనిట్‌లో ఉన్న ఆయుధాలు విప్పి, చూసి, రిపేరు చేసి, మళ్లీ బిగించి ఇవ్వడం నా ఉద్యోగం. మాది తాడేపల్లిగూడెం దగ్గర, మిలిటరీ మాధవరం అంటే అందరికీ తెలుసు కదా, ఆ చుట్టుపక్కలే. రిటైరై వచ్చాక చెరువులున్నవాళ్లు, రైసుమిల్లుల వాళ్లు, నగల షాపుల వాళ్లు, లైసెన్సు చేతికి రాగానే వచ్చి "బాబాయ్, రివాల్వర్ తీసుకోనా, పిస్టల్ తీసుకోనా" అని అడుగుతుంటారు. అడిగేటప్పటికే సగం మంది మనసులో పిస్టలే ఉంటుంది, చూడ్డానికి బాగుంటుందని, పల్చగా ఉంటుంది కాబట్టి చొక్కా కింద పెట్టుకుంటే ఎత్తుగా కనపడదని. నేను తిరిగి ఒకటే అడుగుతాను, ఏడాదికి ఎన్నిసార్లు కాలుస్తావు అని. చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు.

ముందు మన దగ్గర ఏది దొరుకుతుందో చెప్పుకోవాలి, ఎందుకంటే సినిమాలు చూసి, అమెరికాలో ఉన్న మేనల్లుడు పంపిన ఫొటోలు చూసి గ్లాక్ అనే విదేశీ పిస్టల్ కావాలని అడిగేవాళ్లు ఉన్నారు. 9 ఎంఎం మన దేశంలో మామూలు పౌరుడికి నిషేధిత బోరు (బోరు అంటే తుపాకి గొట్టం లోపలి కొలత). సైన్యంలో మేం వాడిన 9 ఎంఎం పిస్టల్, ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారయ్యేది, పదమూడు రౌండ్లు పట్టేది, బయటివాళ్లకి ఇవ్వరు. విదేశీ తుపాకులు మామూలు జనం తెప్పించుకోవడం 1980ల మధ్యలోనే ఆగిపోయింది కాబట్టి పాత వెబ్లీలూ, వాల్తర్లూ చేతులు మారుతూ లక్షలు పలుకుతుంటాయి. ఇక ఎక్కువగా దొరికేది .32, ఇది అంగుళాల్లో కొలత. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల (ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల) రివాల్వర్ ఉంది, పిస్టల్ ఉంది, 2023లో కాన్పూర్ నుంచి ప్రబల్ అని సిలిండర్ పక్కకి తెరుచుకునే రివాల్వర్ వచ్చింది, ఈ మధ్య ప్రైవేటు కంపెనీలు కూడా చేస్తున్నాయి. రెండూ .32 అన్నారు కదా అని తూటా ఒకటే అనుకోకండి. రివాల్వర్‌లో వేసేది స్మిత్ అండ్ వెసన్ లాంగ్, అడుగున వెడల్పు అంచు ఉండే పొడుగు రౌండు. పిస్టల్‌ది ఏసీపీ, పొట్టిది. డబ్బా మీద పేరు చదివి తీసుకోవాలి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక్కొక్కరికి రెండు తుపాకులే, అంతకుముందు మూడు. కొన్నాక నచ్చలేదని మార్చుకుందామంటే మళ్లీ కాగితాలు పట్టుకుని తిరగాలి, కాబట్టి ఆలోచించేదేదో ముందే ఆలోచించాలి.

ఇప్పుడు చాంబర్ సంగతి. పిస్టల్‌లో తూటాలు పిడిలోపల ఉండే మ్యాగజైన్‌లో ఉంటాయి. పైన ఉండే స్లయిడ్‌ని వెనక్కి లాగి వదిలితే మ్యాగజైన్‌లోంచి ఒక రౌండు ఎక్కి బ్యారెల్ (తుపాకి గొట్టం) వెనక ఉన్న చాంబర్‌లో కూర్చుంటుంది. ఆ తర్వాత మ్యాగజైన్ తీసి జేబులో వేసుకున్నా, టేబుల్ మీద పెట్టినా, చాంబర్‌లో ఉన్న ఆ ఒక్కటి అక్కడే ఉంటుంది. చాలా పిస్టల్స్ మ్యాగజైన్ లేకపోయినా పేలతాయి. ఇది కొత్తవాళ్ల బుర్రకి ఎక్కదు, ఎక్కినా టెన్షన్‌లో గుర్తుండదు, తూటాలన్నీ ఉండే డబ్బా తీసేశాం కదా, ఇంకేముంది అనుకుంటారు. వరస తప్పినా అంతే. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత స్లయిడ్ లాగాలి. అలా కాకుండా ముందు స్లయిడ్ లాగితే చాంబర్‌లోది ఎగిరి బయటపడుతుంది, మ్యాగజైన్‌లోంచి ఇంకొకటి దాని చోట్లోకి వస్తుంది, అప్పుడు మ్యాగజైన్ తీసి ఖాళీ అయింది అనుకుంటాడు. చేసిన పనులు రెండూ సరైనవే, వరసే తప్పు.

2024 ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్లో డిపాజిట్ చేయమన్నారు, ఎప్పుడూ ఉండేదే. మా బంధువొకడు తన పిస్టల్ అప్పగిస్తూ నన్ను తోడు రమ్మంటే వెళ్లాను. మ్యాగజైన్ తీసి టేబుల్ మీద పెట్టాడు, అందులో ఒక్క తూటా లేదు. "ఖాళీయేనండి" అన్నాడు. రైటరు సరేనని రిజిస్టరు ముందుకి లాక్కున్నాడు. ఒక్క నిమిషం ఆగండి అని నేను పిస్టల్ తీసుకుని, బ్యారెల్ గోడవైపు పెట్టి స్లయిడ్ లాగితే ఇత్తడి రౌండు ఒకటి ఎగిరి టేబుల్ మీద పడి, దొర్లుకుంటూ వెళ్లి రిజిస్టరు అంచుకి తగిలి ఆగింది. మావాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అది ఎన్నాళ్ల నుంచి అందులో ఉందో వాడికి తెలియదు. ఆ పిస్టల్ పెట్టే బీరువాలోనే వాడి భార్య చీరలు ఉంటాయి, కింది అరలో పిల్లల బట్టలు ఉంటాయి. సైన్యంలో ఆయుధం చేతులు మారే ప్రతిసారీ "జాంచ్ శస్త్ర" అని ఆయుధం ఖాళీయో కాదో తనిఖీ ఎందుకు చేయిస్తారో, బ్యారెల్‌ని ఇసుక గుట్టవైపే ఎందుకు పెట్టమంటారో బయట ఉన్నవాళ్లకి ఎవరు చెప్తారు?

రివాల్వర్‌లో ఈ దాగుడుమూతలు లేవు. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ వెబ్లీ పద్ధతిది. గొళ్లెం నొక్కితే బ్యారెల్ ముందుకి వంగి నడుము దగ్గర విరిగినట్టు తెరుచుకుంటుంది, లోపలున్న ఆరూ ఒకేసారి పైకి లేస్తాయి, కొంచెం వంచితే అరచేతిలో పడిపోతాయి. ఆ తర్వాత సిలిండర్ని కిటికీ వైపు పెట్టి చూస్తే ఆరు కన్నాల్లోంచీ వెలుతురు కనిపిస్తుంది. కనిపిస్తే ఖాళీ, లేకపోతే కాదు. అరవై దాటిన మనిషికైనా, తుపాకి ఎప్పుడూ పట్టని ఇంటావిడకైనా ఐదు నిమిషాల్లో నేర్పొచ్చు, నేర్పింది రెండేళ్ల తర్వాత కూడా గుర్తుంటుంది. అందుకే ఏడాదికోసారి కూడా కాల్చని మనిషికి, ఇంట్లో నలుగురు తిరిగే చోట ఉంచుకునేవాడికి రివాల్వరే తీసుకోమని చెప్తాను.

అలాగని రివాల్వర్ అమాయకమైనదేం కాదు. 2024 అక్టోబరు 1న ముంబైలో హిందీ నటుడు గోవిందాకి తన లైసెన్సు రివాల్వరే చేజారి కిందపడి, పేలి, కాల్లో తూటా దిగింది. బీరువాలో పెట్టబోతుంటే జరిగిందని అప్పట్లో వాళ్లవాళ్లు చెప్పారు. పాత రివాల్వర్లలో చాలావాటికి హామర్‌కీ (తూటాని కొట్టి పేల్చే సుత్తికీ) తూటాకీ మధ్య అడ్డు ఉండదు. ఆరు నింపి పెట్టుకుంటే హామర్ సరిగ్గా ఒక తూటా నెత్తిన కూర్చుని ఉంటుంది, కిందపడి హామర్ మీద దెబ్బ తగిలితే చాలు. పాతది వారసత్వంగా వచ్చినవాళ్లు ఐదే నింపి, హామర్ కింద ఉండే కన్నం ఖాళీగా వదిలేయాలి. కొత్తది కొనేవాళ్లు కిందపడితే పేలకుండా లోపల అడ్డు ఉందా లేదా అని డీలర్ని అడిగి, చూపించమని నిలదీయాలి. లక్ష పైన డబ్బు పోసేవాడికి అడిగే హక్కుంది. ఇంకోటి, సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సన్నని సందు ఉంటుంది, కాల్చినప్పుడు అందులోంచి నిప్పు, వేడి గ్యాసు పక్కకి చిమ్ముతాయి. రెండో చేత్తో ముందు పట్టుకునే అలవాటుంటే వేళ్లు కాలతాయి.

అవసరానికి పేలుతుందా అన్నది రెండో ప్రశ్న. మన తూటాలు బీరువాల్లో ఏళ్లకేళ్లు ఉంటాయి, మా గోదావరి జిల్లాల చెమ్మలో ఇత్తడికి పచ్చగా కిలుం పడుతుంది, లెదరు పౌచ్‌లో పెట్టి ఉంచితే మరీ త్వరగా. అలాంటి తూటా పేలకపోతే రివాల్వర్‌లో మళ్లీ ట్రిగ్గర్ నొక్కడమే, సిలిండర్ తిరిగి పక్క తూటా వస్తుంది. పిస్టల్‌లో అయితే స్లయిడ్ లాగి, పేలనిదాన్ని బయటకి పంపి, కొత్తది ఎక్కించాలి. రోజూ చేసేవాడికి అది క్షణం పని. అర్ధరాత్రి నిద్రలోంచి లేచినవాడికి, అప్పటికి ఎప్పుడూ చేయనివాడికి అది కుదిరే పని కాదు. పైగా .32 పిస్టల్స్‌లో ఎక్కువవాటిలో స్లయిడ్‌ని ఆపి ఉంచేది దాని బరువూ, స్ప్రింగు బలమూ మాత్రమే కాబట్టి స్ప్రింగు గట్టిగా పెడతారు. కీళ్లనొప్పులున్నవాళ్లు, చేతుల్లో బలం తగ్గినవాళ్లు దాన్ని పూర్తిగా వెనక్కి లాగలేరు. మణికట్టు వదులుగా పట్టుకుని కాల్చినా స్లయిడ్ సగంలో ఆగి జామ్ అవుతుంది.

పిస్టల్‌లో మంచి లేదని నేను అనడం లేదు, నా సర్వీసంతా దానితోనే గడిచింది. ట్రిగ్గర్ మామూలుగా తేలిగ్గా ఉంటుంది కాబట్టి గురి బాగా కుదురుతుంది. రివాల్వర్‌లో హామర్ ఎత్తకుండా నొక్కితే నాలుగైదు కిలోల బరువు లాగినట్టు ఉంటుంది, సాధన లేకపోతే బ్యారెల్ కిందికి వంగిపోతుంది. మళ్లీ నింపుకోవడంలోనూ పిస్టల్‌దే పైచేయి. 1986 ఏప్రిల్లో అమెరికాలో మయామీ దగ్గర ఇద్దరు దోపిడీ దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. అక్కడున్న ఏజెంట్లలో ఎక్కువమంది చేతుల్లో రివాల్వర్లే, చేతికి గాయమైన ఒకాయన తన రివాల్వర్‌ని మళ్లీ నింపుకోలేకపోయాడు. ఎఫ్‌బీఐ పిస్టల్స్ వైపు మళ్లడానికి అది పెద్ద కారణం, న్యూయార్క్ పోలీసులు కూడా 1993లో అటు మారారు. మీ కథనంలో పిస్టల్‌ని మెచ్చుకున్న మాటలన్నీ ఇలాంటి చోట్ల నుంచి వచ్చినవే. వాళ్లు జీతం తీసుకుని శిక్షణ పొందేవాళ్లు, ప్రమాదానికి ఎదురెళ్లడం వాళ్ల డ్యూటీ. తలుపు గడియ వేసుకుని పోలీసులకి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా ఇంట్లోవాళ్లని కాపాడుకోవాల్సిన మనిషికి ఎన్ని రౌండ్లు పడతాయన్నది చిట్టచివరి ప్రశ్న.

ఆడవాళ్ల కోసమని 2014లో కాన్పూర్ ఫ్యాక్టరీ నిర్భీక్ అని అరకిలో బరువున్న .32 రివాల్వర్ తెచ్చింది, ధర లక్షా ఇరవై వేల పైనే. తేలిగ్గా ఉంటే మంచిదే కదా అనుకుంటాం గానీ బరువు తగ్గేకొద్దీ చేతికి తగిలే దెబ్బ పెరుగుతుంది. పైగా చేతి సంచిలో అడుగున, తాళాలూ ఫోనూ మధ్య ఉన్న తుపాకి బయటికి తీసేలోపు జరగాల్సింది జరిగిపోతుంది. కూతురి కోసం కొందామని వచ్చిన ఒక తండ్రికి ఇదే చెప్తే ఆయనకి నా మీద కోపం వచ్చింది. ఆయన బాధ నాకు అర్థమైంది, కానీ చెప్పకుండా ఉండలేను.

అసలు సమస్య సాధనది. ఏది కొన్నా ఎక్కడ కాలుస్తాడు? లైసెన్సు మీద కొనుక్కోగలిగే తూటాలకి పరిమితి ఉంది, వాడినవాటికి లెక్క చెప్పాలి, మామూలు మనిషి వెళ్లి కాల్చుకునే రేంజి మా జిల్లాలో నాకు తెలిసి ఒక్కటీ అందుబాటులో లేదు. హైదరాబాద్ వెళ్లి క్లబ్బుల్లో చేరేంత తీరిక, డబ్బు అందరికీ ఉండవు. 2016 ఆయుధాల రూల్స్‌లో భద్రతా శిక్షణ ఉండాలన్నారు, నా దగ్గరికి వచ్చేవాళ్ల చేతుల్లో సర్టిఫికెట్లూ ఉంటున్నాయి. కానీ పిస్టల్ చేతికిచ్చి ఖాళీ చేయమంటే పది మందిలో ఎనిమిది మంది వేలు ట్రిగ్గర్ మీదే పెడుతున్నారు.

జిల్లా ఎస్పీలని, కమిషనర్లని నేను కోరేది ఇదే. మీ ఆర్మ్‌డ్ రిజర్వ్ రేంజీలు ఉన్నాయి, అక్కడ నేర్పగలిగే ఆర్మరర్లు ఉన్నారు. నెలలో ఒక ఆదివారం లైసెన్సుదారులకి కేటాయించండి, ఫీజు తీసుకోండి, మనిషికి ఇరవై రౌండ్లు కాల్పించండి. ఇప్పుడు లైసెన్సు గడువు ఐదేళ్లు. రెన్యువల్‌కి వచ్చినవాడు మీ కళ్లెదుట తన తుపాకి ఖాళీ చేసి చూపించాకే సంతకం పెట్టండి. చేయలేనివాణ్ణి వెనక్కి పంపండి. పెళ్లిళ్లలో గాల్లోకి కాల్చేవాళ్లకి 2019 నుంచి రెండేళ్ల జైలు దాకా ఉంది, దాన్ని కూడా ఎవరి మొహమాటమూ చూడకుండా వాడండి.

సంపాదకులకి ఒక మనవి. ఆ కథనం మళ్లీ వేస్తే చివరి రెండు వాక్యాలు మార్చండి. పక్కన స్లయిడ్ వెనక్కి లాగి ఉన్న పిస్టల్ ఫొటో ఒకటి, తెరిచిన రివాల్వర్ ఫొటో ఒకటి పెద్దవి వేసి, చాంబర్ ఎక్కడుందో బాణం గుర్తుతో చూపించండి.

ఇట్లు,
ఒక మాజీ ఆర్మరర్,
తాడేపల్లిగూడెం