వెలిసిన గౌను కథకు సవరణ వేయండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ స్ఫూర్తి శీర్షికలో, వెలిసిపోయిన గౌనుతో భార్య, ముతక కోటుతో భర్త, హార్వర్డ్‌లో చదివి చనిపోయిన కొడుకు జ్ఞాపకార్థం ఏదైనా కట్టిస్తామంటూ ఆ విశ్వవిద్యాలయ అధ్యక్షుడి గది ముందు గంటల తరబడి పడిగాపులు పడ్డారనీ, ఆయన చిన్నచూపు చూడడంతో పట్టుబట్టి స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం కట్టారనీ రాశారు. ఈ కథ నాకు వాట్సాప్‌లో ఇప్పటికి మూడుసార్లు వచ్చింది, పట్టించుకోలేదు. అచ్చులో చూశాక ఊరుకోలేకపోయాను.

ఆ కథలోని భర్త లేలండ్ స్టాన్‌ఫోర్డ్ కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో కిరాణా వర్తకుడు. 1861లో సెంట్రల్ పసిఫిక్ రైల్వే కంపెనీకి అధ్యక్షుడై, మరుసటి ఏడు కాలిఫోర్నియా గవర్నరు పదవి చేపట్టాడు. 1884లో హార్వర్డ్ గడప తొక్కేనాటికి ఆయనను బీదవాడనుకొనే అవకాశమే లేదు. కొడుకు అక్కడ చదవనూ లేదు. పదిహేనేళ్ళకే ఫ్లారెన్స్‌లో టైఫాయిడ్‌తో కన్నుమూశాడు. హార్వర్డ్ అధ్యక్షుడు ఎలియట్ ఆ దంపతులతో ఆదరంగానే మాట్లాడి, విశ్వవిద్యాలయానికి కనీసం 50 లక్షల డాలర్ల మూలనిధి కావాలని చెప్పాడు.

వారి దుఃఖం నిజం, దానమూ నిజం. కానీ ఆ డబ్బు ఎక్కడిదన్నది మీ కథలో లేదు. రైలు మార్గం వేసేందుకు మైదానంలో మైలుకు 16 వేలు, కొండల్లో 48 వేల డాలర్ల చొప్పున ప్రభుత్వం బాండ్ల రూపంలో అప్పిస్తుంటే, శాక్రమెంటోకు ఏడు మైళ్ళ దూరంలోని చదును నేలలోనే కొండ మొదలైనట్టు కంపెనీ ఒప్పించుకొంది. సియెరా నెవాడా పర్వతాల శిఖరం కింద 1,659 అడుగుల సొరంగాన్ని తొలిచింది ప్రధానంగా చైనా కూలీలు: ఒకడు ఉలి పట్టి తిప్పుతుంటే మిగతావాళ్ళు సమ్మెటలతో కొట్టి, మందు కూరి పేలిస్తే, గ్రానైట్ రోజుకు అడుగో, అడుగున్నరో కదిలేది. ముప్ఫై ఏళ్ళు లైను మీద గ్యాంగులతో పనిచేసినవాణ్ణి, ఆ అడుగు ఎంత కష్టమో నేను ఊహించగలను. 1867 జూన్‌లో తెల్ల కూలీలతో సమాన కూలి, తక్కువ పనిగంటలు అడిగి వాళ్ళు సమ్మెకు దిగితే, కంపెనీ తిండి సరఫరా ఆపేసి వారం రోజుల్లో దారికి తెచ్చుకొంది. ఆసియా వాళ్ళు రాష్ట్రంలో స్థిరపడరాదని 1862లో గవర్నరుగా తొలి ప్రసంగంలో చెప్పినవాడూ ఈ స్టాన్‌ఫోర్డే.

మన పిల్లలు ఎందరో ఆ విశ్వవిద్యాలయంలో సీటు కోసం దరఖాస్తు చేసుకొంటున్నారు, వాళ్ళ తల్లిదండ్రులు మీ పత్రిక చదువుతున్నారు. కాబట్టి వచ్చే ఆదివారం అదే శీర్షికలో, అదే సైజు అక్షరాలతో సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
రైల్వే విశ్రాంత ఉద్యోగి, కాజీపేట