కొబ్బరికాయ నిలబడితే నీళ్లు పడతాయా?

సంపాదకులకు,

అప్పు తెచ్చి బోరు వేసే రైతుకు ముందు కావాల్సింది ‘ఇక్కడ పడుతుంది’ అనే మాట. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టేవాళ్లు ఆ మాట వెంటనే అనేస్తారు. మా సర్వేతో అలా ఖాయంగా అనడం కుదరదు. అనంతపురం గ్రానైటులో లోతుకు వెళ్లేకొద్దీ నీళ్లుండేది పగుళ్లలోనే. నేల కరెంటును ఎంత అడ్డుకుంటుందో చూసే మా రెసిస్టివిటీ సర్వేలో నాలుగు కడ్డీలు వరుసగా నాటి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తాం. బయటివి దూరం జరిపేకొద్దీ కింది పొరలు తెలుస్తాయి. నేల పొడిగా ఉంటే కడ్డీల మొదట్లో ఉప్పునీళ్లు పోయాలి, లేకుంటే రీడింగు నిలవదు. ఇనుప కంచె పక్కన అసలు కొలవొద్దు. పెద్ద చిక్కు బంకమట్టిది: అదీ నీటిపొరలాగే తక్కువ రీడింగు చూపిస్తుంది. అందుకే చుట్టుపక్కల బోర్ల లోతు, ఎక్కడ నీళ్లు తగిలాయో అడిగి పోల్చుకోవాలి. ‘రెండించుల నీళ్లు ఖాయం’ అనేవాళ్లు మిషనుతో వచ్చినా సరే, నమ్మకండి.

— భూగర్భజల సర్వే చేసేవాళ్లం, అనంతపురం