దిండ్లు రెండు కుట్టాను

తెనాలి,
శ్రావణ శుక్రవారం

చిరంజీవి బుజ్జికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేం క్షేమం. నువ్వూ క్షేమమే అనుకుంటున్నాను. అనుకోవడమే గానీ తెలిసే దారేది? ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నానమ్మా, తర్వాత చేస్తా" అని మెసేజీ వస్తుంది. 19 రోజులైంది. ఇంత పొడుగు మీటింగు కరెంటాఫీసులో 34 ఏళ్ళు చేసిన మీ నాన్న కూడా చూడలేదట. అందుకే కాగితం మీద పెట్టాను. పక్కింటి దివ్య ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపుతానంది. చదవొద్దని ఆ పిల్లకి చెప్పాను. చదివినా ఇందులో రహస్యాలేం లేవులే.

వానలు బాగానే పడుతున్నాయి. పెరట్లో కొబ్బరిచెట్టుకి మళ్ళీ మొవ్వు కుళ్ళింది. మీ నాన్న షుగరు కొంచెం తగ్గింది, ఆయన మాత్రం తగ్గలేదు. మావుళ్ళు బాబాయి మోకాలికి ఆపరేషన్ అన్నారు. మొన్న వరలక్ష్మీవ్రతానికి రాజ్యం అత్తయ్య వచ్చింది. వాయనం అందుకుంటూ, "బుజ్జి ఉద్యోగం మానేశాడటగా వదినా" అంది. అత్తయ్య తోడికోడలి మనవడు మీ ఊళ్ళోనే ఉన్నాడు కదా, వాడి కబురు. ఆఫీసుకి వెళ్ళడం లేదట, ఇటలీలో ఆ వెరోనా ఊళ్ళో డ్రామా కంపెనీ వాళ్ళతో తిరుగుతున్నావట. 'అట' అనే మాటలకి నేను విలువివ్వను. నవ్వేసి ఇంకో నాలుగు శనగలు ఎక్కువ పెట్టి పంపించాను. నేనేమీ అడగడం లేదు.

వెరోనా మాటొచ్చింది గనక చెబుతున్నా. నిరుడు ఇవే రోజుల్లో మేం మ్యూనిక్‌లో నీ దగ్గరున్నాం. పొద్దున్నే రైలెక్కించావు. బ్రెన్నర్ కనుమ దాటాక కిందకి దిగుతుంటే రెండువైపులా ఆపిల్ తోటలు, ద్రాక్ష పందిళ్ళు. మీ నాన్న ఒక్కో స్టేషను పేరూ పైకి చదివారు, నువ్వేమో నాకు ఐదా కథ చెప్పావు. ఈజిప్టు సేనాపతి రాడమెస్, అతను ప్రేమించిన బానిసపిల్ల ఐదా, ఆమె అసలు ఇథియోపియా రాజుగారి కూతురు, అది ఎవరికీ తెలియదు. మధ్యలో ఫారో కూతురు అమ్నెరిస్ కూడా అతని కోసమే. వెర్డీ కట్టిన ఈ సంగీత నాటకాన్ని మొదట 1871లో కైరోలో ఆడారన్నావు. నేను పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని విన్నాను. ఇంత ఓపిగ్గా నువ్వు నాకు కథ చెప్పి ఎన్నాళ్ళయిందో అనుకున్నాను.

అరీనా, అదే వెరోనాలో నాటకాలాడే ఆ పాత రోమన్ల గుండ్రటి రాతికట్టడం, దాని బయట మైదానంలో సెట్టింగు సామాను పడేసి ఉంది చూశావా, అది నాకు బాగా గుర్తు. లోపల చోటు చాలదట, మిగతా నాటకాల స్తంభాలూ దేవతలూ అంతా ఆరుబయటే. సింహం ఒంటికి మనిషి తలకాయ పెట్టిన బొమ్మ ఒకటి పక్కకి ఒరిగి ఉంది. దాని చెవి వెనక రంగు లేచిపోయి లోపలి తెల్లటి థర్మోకోల్ లాంటిది కనిపించింది. దగ్గరికెళ్ళి గోటితో గీకబోతే నువ్వు "అమ్మా!" అన్నావు. మా నాన్న వాళ్ళ నాటక సమాజం లారీ దిగినప్పుడు కోట తెర, అడవి తెర, సింహాసనం ఇలాగే బడి ఆవరణలో పడుండేవి. సింహాసనం మీద మేకపిల్ల పడుకునేది.

రెండు గంటల ముందే గేటు దగ్గర నిలబెట్టావు. మెట్ల మీద సీటు నంబర్లు లేవు, ముందెళ్ళిన వాళ్ళదే చోటు. రెండువేల ఏళ్ళ నాటి రాయి, ఎండంతా తాగి ఉంది. కూచోగానే పెనం మీద అట్టులా అయింది నా పని. అద్దెకి దిండ్లు ఇస్తున్నారని నువ్వు మూడు తెచ్చావు. అవి అప్పడాల్లా ఉన్నాయి, పది నిమిషాలకే రాయి తగిలింది. చుట్టూ జనం రొట్టె ముక్కలూ చీజూ తింటుంటే మనం పులిహోర విప్పాం. ముందు మెట్టు మీది ముసలాయన వాసనకి వెనక్కి తిరిగాడు. మీ నాన్న మూతలో పెట్టి ఇచ్చారు. ఆయన వేరుశనక్కాయలు ఏరి ముందు తిన్నాడు, అచ్చం నీలాగే.

1117లో వచ్చిన భూకంపానికి బయటి ప్రాకారం పడిపోయి ఇప్పుడు నాలుగు కమానులే మిగిలాయని అప్పుడే చెప్పావు. 1913 సంగతీ అప్పుడే. వెర్డీ పుట్టి నూరేళ్ళయిందని, ఆ ఊరివాడే అయిన గాయకుడు జెనాటెల్లో ఈ రాతిగుంటలో ఐదా ఆడిస్తానని పూనుకున్నాడట. రాడమెస్ వేషం తనే కట్టాడట. అంటే పాడే మనిషే కాంట్రాక్టరు కూడా అన్నమాట. మీ తాతయ్యలాగే. ఆయనకి కలిసొచ్చింది, తాతయ్యకి రాలేదు. ఇద్దరికీ ఉన్నది ఒకటే జబ్బు. అప్పుడు పైకి అనలేదు, ఇప్పుడంటున్నా.

చీకటి పడ్డాక గంట మోగింది, మెట్లనిండా జనం చిన్న చిన్న కొవ్వొత్తులు వెలిగించారు. ఆ చుట్టుగుంటంతా కార్తీక పౌర్ణమినాడు కృష్ణ ఒడ్డు అయిపోయింది. నాకు చేతులెత్తి దణ్ణం పెట్టబుద్ధేసింది, పెట్టాను కూడా. తర్వాత ఆ పాట. మనిషి ముందు మైకు లేదు. అంత దూరాన బొటనవేలంత కనిపిస్తున్నాడు, గొంతు మాత్రం నా చెవి పక్కనే. మొదట్లో నాకు రుచించలేదు, దాచడమెందుకు. రాగం తీస్తాడేమో అని చూస్తే తీయడు, మాట మీదే సాగదీస్తాడు. మన పద్యం అలా కాదు కదా, పద్యం పూర్తయ్యాక రాగానికి వేరే లెక్క. కానీ రెండో అంకంలో పొడుగు బాకాలు వచ్చాయి చూడు, ఒక వరస బాకాలు ఊది ఆపగానే ఇంకో వరస అందుకుంది, శ్రుతి ఒక్కసారిగా పైకెక్కింది. నా వెన్ను జలదరించింది. మా నాన్న ఉంటే హార్మోనియం మెట్లు వెతుక్కునేవాడు. వెనక ఎవరో "బిస్" అని అరిచాడు. వన్స్‌మోర్ అనే అర్థమన్నావు. అమ్మయ్య, జనం ఎక్కడైనా జనమే అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే చినుకు. నా చేతి మీద ఒకటి, మీ నాన్న కళ్ళజోడు మీద ఒకటి. అంతే, వేదిక ముందున్న వయొలిన్ల వాళ్ళు లేచి పరుగు! ఒకావిడ వయొలిన్‌ని కోటు కింద పొదువుకుని, తల వంచి, పసిపిల్లని ఎత్తుకెళ్ళినట్టు వెళ్ళింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నువ్వు వాన అనుకుని కర్చీఫ్ ఇచ్చావు.

ఎందుకో ఇప్పుడు చెబుతా. నాకు తొమ్మిదేళ్ళు. కాలవగట్టు అవతలి ఊళ్ళో శివరాత్రి నాటకం. తెల్లవారుజాము, కాటి సీను నడుస్తోంది. అకాలవాన దంచింది. వేషగాళ్ళు పరుగెత్తారు, హరిశ్చంద్రుడు ముందు పరుగెత్తాడు. మా నాన్న ఒంటిమీది పంచె తీసి హార్మోనియం మీద కప్పి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, డ్రాయరుతో ఊరందరి ముందూ కూచున్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. నాలుగు రోజులు బళ్ళోకి వెళ్ళలేదు. ఆ రాత్రి డబ్బులు ఎగ్గొట్టారు, ఆటగాళ్ళకి మాత్రం నాన్నే ఇచ్చుకున్నాడు. ఎక్కడి నుంచి అంటావా, కాలవగట్టు రెండెకరాలు అలా అలా కరిగాయి. అమ్మమ్మ నానుతాడు కూడా. ఆ తర్వాత హార్మోనియమూ వెళ్ళింది. అమ్మమ్మ చివరిదాకా హార్మోనియం రేడియోలో వినపడితే లేచి వెళ్ళి కట్టేసేది.

వెరోనాలో మాత్రం ఎవరూ మైదానం వదలలేదు. ప్లాస్టిక్ కోట్లు అమ్మేవాళ్ళ దగ్గర మూడు కొన్నావు, మీ నాన్నది చంకలో చిరిగింది. ఆట ఒకసారి మొదలయ్యాక ఆగిపోతే డబ్బు వాపసు రాదని నువ్వు చెబితే ఆయనకి టెన్షన్ పట్టుకుంది, ఆకాశం వంక చూస్తూ కూచున్నారు. మనుషులొచ్చి వేదికంతా తుడుస్తున్నారు. ఈటె పట్టుకున్న సిపాయి వేషం కుర్రాడొకడు లోపలికి వెళ్ళకుండా, తన డాలు తీసి ఒక పెద్దావిడ నెత్తిన గొడుగులా పట్టాడు. మొత్తం కథలో వాడికి పాట లేదు, మాట లేదు, నిలబడ్డమే. నువ్వు వాణ్ణే చూస్తున్నావు. నేను నిన్ను చూశాను. ఆ చూపు నాకు తెలుసు బుజ్జీ, నేను దాని ఎదురుగా కూచుని అన్నం తిని పెరిగాను.

మళ్ళీ మొదలయ్యేసరికి ముప్పావుగంట పైనే. నైలునది ఒడ్డు అంకంలో ఐదా వాళ్ళ నాన్న వచ్చి, ఆ ప్రియుడి నోటినుంచి సైన్యం వెళ్ళే దారి రాబట్టమని పిల్ల ప్రాణం తీశాడు కదా. కాదంటే నువ్వు నా కూతురివే కాదు, ఫారోల బానిసవి అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పిల్లల గుట్టు పిండుకునే తల్లిదండ్రులు ఉంటారా అని నీతో అన్నాను. నువ్వేం మాట్లాడలేదు. నేను మాత్రం నిన్నెప్పుడైనా అలా అడిగానా? ఇంటర్లో స్కూటరు వ్యవహారం ఊరంతా తెలిశాకే నాకు తెలిసింది, అప్పుడూ అడగలేదు.

చివర్న పైన గుడి, కింద సమాధి. అతన్ని బతికుండగా పూడ్చేస్తే ఆ పిల్ల ముందే లోపలికి దూరి కూచుంది. అన్ని బాకాలూ ఊదినవాడు ముగింపు అంత మెల్లగా పెట్టాడేంటి! అన్ని వేలమందిలో దగ్గు కూడా లేదు. ఒంటిగంట దాటాక బయటికొచ్చి నడుస్తుంటే నువ్వన్నావు: "ఈటె పట్టుకుని నిలబడే పనైనా చాలమ్మా నాకు." నేను నవ్వాను. మీ నాన్న కూడా నవ్వారు. నువ్వు నవ్వావో లేదో చీకట్లో చూడలేదు.

ఉపన్యాసం ఇవ్వనని మీ నాన్నతో పందెం వేశాను. అయినా ఒక్క మాట. అక్కడ ఉండనిచ్చే నీ కార్డు ఉద్యోగంతో ముడిపడి ఉందని నువ్వే చెప్పావు. ఉద్యోగం ఒక చేత్తో వదిలితే దేశం రెండో చేతిలోంచి జారుతుంది. ఇల్లు అద్దె ఎంత? బ్యాంకులో ఎన్ని నెలలకి ఉంది? అక్కడ ఆట వేసవిలోనే, సెప్టెంబరు దాటితే ఆ మెట్లమీద ఎవరు కూచుంటారు? తాతయ్యకి కనీసం మా నాయనమ్మ వండిపెట్టేది. ఆదివారాలు పాడుకో, సెలవు పెట్టి చూసిరా, ఎవరొద్దన్నారు. సరే, పందెం ఓడిపోయాను.

మళ్ళీ చెబుతున్నా, నేను అడగడం లేదు. అత్తయ్యకి మాత్రం ఏదో ఒకటి చెప్పాలి కదా, వినాయకచవితికి మళ్ళీ వస్తుంది.

దివ్య వాళ్ళ అన్నయ్య 22న అక్కడికి వస్తున్నాడు. గోంగూర పచ్చడి, కందిపొడి, నువ్వుల ఉండలు పంపుతున్నాను. పచ్చడి సీసా నిలువుగా పెట్టు, మూత కారుతుంది. దాంతోపాటు దిండ్లు రెండు. బూరుగు దూదితో గట్టిగా కూరి కుట్టాను, ఆ అద్దె అప్పడాల్లా ఉండవు. పై గుడ్డ తాతయ్య హార్మోనియం మీద కప్పే ముఖమల్‌ది, అమ్మమ్మ పెట్టెలో అడుగున దొరికింది. ఒక మూల చిన్న చిరుగుంటే కుట్టేశాను. రెండోది నాది. మళ్ళీ ఎప్పుడైనా పిలుస్తావేమోనని.

గలేబు ఉతికితే నీడలోనే ఆరెయ్యి, ఎరుపు దిగుతుంది. వానలో తడపకు, బూరుగు దూది ముద్దవుతుంది. నెత్తిన వేడినీళ్ళు పోసుకోకు, జుట్టు ఊడుతోందని మొన్న ఫోటోలో చూశాను.

ఆదివారం సాయంత్రం 6 నుంచి 8 దాకా మీ నాన్న పెన్షనర్ల మీటింగుకి వెళ్తారు. మీకు అప్పటికి మధ్యాహ్నం 2.30. ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. ఫోను వంటింట్లో గట్టు మీదే పెట్టుకుంటా.

అమ్మ