టగాలోగు పుస్తకంలో ధ్వనుల తికమక

సంపాదకులకు నమస్కారం.

మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి ఫిలిప్పీన్స్‌కు వైద్యవిద్య కోసం వెళ్లే పిల్లలున్నారు. అక్కడ పాఠాలు ఇంగ్లీషులోనే చెబుతారు. కానీ మనీలా చుట్టుపక్కల ఆసుపత్రి వార్డులో రోగి నోట వచ్చేది టగాలోగు అనే అక్కడి భాష. అందుకని తిరుపతిలో ఒక కన్సల్టెన్సీ వారు తెలుగు లిపిలో అచ్చువేసిన చిన్న పుస్తకం చేతికిస్తున్నారు. మా చెల్లెలి మనవరాలు దాన్ని బట్టీ పడుతుంటే తీసి చూశాను. కళాశాలలో భాషాశాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని, చూసి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

'బాగ' అనే మాట అందులో రెండు చోట్ల ఉంది. ఒకచోట అర్థం ఊపిరితిత్తి, మరోచోట నిప్పుకణిక. రాత ఒకటే కనుక పలుకూ ఒకటే అనుకుంది పిల్ల. ఊపిరితిత్తి అన్నప్పుడు మాట చివర గొంతు ఒక్క క్షణం మూసుకుంటుంది, నిప్పుకణిక అన్నప్పుడు మూసుకోదు. ఆ మూసుకోవడమే టగాలోగులో ఒక హల్లు. 'బాత' సంగతీ అంతే. చివర గొంతు బిగిస్తే బిడ్డ, వదిలేస్తే స్నానమయ్యాక తొడుక్కునే అంగీ. వారి నిఘంటువులు చివరి అచ్చు మీద గుర్తు పెట్టి ఈ తేడా చూపుతాయి, రోజువారీ రాతలో పెట్టరు. మన పుస్తకం వేసినవారు ఆ గుర్తును వదిలేశారు. ఈ ధ్వని మన నోటికి కొత్తదేమీ కాదు. పాకే బిడ్డ దీపం దగ్గరికి పోతుంటే "అ-అ! ముట్టుకోకూడదు" అంటాం కదా, ఆ రెండు అకారాల నడుమ గొంతులో పడే బిగింపు అదే. తెలుగులో దానివల్ల ఏ మాటకూ అర్థం మారదు కాబట్టి మన చెవి దాన్ని పట్టించుకోదు.

ఇంకో పుటలో దీనికి తలకిందులైన తప్పు. 'దీతో', 'రీతో' అని రెండు మాటలిచ్చి, రెండింటికీ 'ఇక్కడ' అని రాసి, విడివిడిగా కంఠస్థం చేయమన్నారు. అది ఒకటే మాట. ముందు మాట అచ్చుతో ముగిస్తే దకారం రేఫగా పలుకుతుంది. మాట లోపల రెండు అచ్చుల నడుమ పడినా తరచు అంతే. 'బాయద్' అంటే చెల్లింపు, చెల్లించడం 'బయారన్'. 'దామి' అంటే పరిమాణం, 'మరామి' అంటే చాలా. ఈ ఒక్క సూత్రం చెబితే మాటలు గుంపులు గుంపులుగా వాటంతట అవే పట్టుబడతాయి. బైబాయిన్ అనే వారి పాత లిపిలో ద, రలకు అక్షరం ఒకటే. 1565 నుంచి 1898 దాకా సాగిన స్పానిష్ పాలనలో రేఫతో మొదలయ్యే స్పానిష్ మాటలు వచ్చి చేరాయి. ఆ అరువు మాటల వల్లనే ఒకే వర్ణపు సవర్ణాలుగా, అంటే పక్క ధ్వనిని బట్టి మారే ఒకే ధ్వని తాలూకు రెండు పలుకులుగా ఉన్న ద, రలు అర్థాన్ని మార్చగల రెండు వర్ణాలుగా విడిపోయాయి.

చిత్తూరు వాళ్లకు ఇది చెప్పడం ఎంత సులువో! ఇక్కడ చాలా ఇళ్లలో తమిళం వినబడుతుంది. తమిళంలో నోటి పన్నును 'పల్' అంటారు, సజ్జను 'కంబు' అంటారు, వాటిలోని పకారానికీ బకారానికీ రాసేది ఒకే అక్షరం. 'బస్సు' వంటి అరువు మాటలు వచ్చాక ఆ అక్షరమే మాట మొదట బకారంగానూ పలకాల్సి వచ్చింది. తెలుగులో 'చలి'లోని చకారం వేరు, 'చెట్టు'లోనిది వేరు. సంస్కృతం నుంచి 'చక్రం' వంటివి రాకపోతే ఈ తేడాను చాలావరకు పక్క అచ్చే నిర్ణయించేది. ఇంట్లో ఉన్న ఈ ఉదాహరణలు వదిలేసి పిల్లల చేత జాబితాలు వల్లె వేయించడం నాకు బాధ కలిగిస్తోంది.

నోటి పన్నుకు టగాలోగు మాటను 'న్గీపిన్' అని అచ్చువేశారు. అందులో గకారమే లేదు. అక్షరమాలలో ఙ ఉండగా 'ఙీపిన్' అని వేయడానికి అడ్డమేమిటో తెలియదు.

కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇటువంటి పుస్తకాలు వేసేవారు అచ్చుకు ముందు అక్కడ భాషాశాస్త్రం తెలిసిన అధ్యాపకులకు ఒక ప్రతి చూపించాలని మనవి. మళ్లీ ముద్రించేటప్పుడు గొంతు బిగింపుకు ఏదో ఒక గుర్తు, కనీసం మాట చివర ఒక చుక్కయినా పెట్టాలి. 'బాగ', 'బాత' వంటి జంటలను మొదటి వారంలోనే, టగాలోగు మాతృభాషగా గలవారి గొంతుతో రికార్డు చేసి వినిపించాలి.

ఇట్లు,
విశ్రాంత తెలుగు అధ్యాపకురాలు,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు.