ఉక్కపోతనూ విపత్తుల లెక్కలో చేర్చండి: తమిళనాడు విపత్తు నిర్వహణ మంత్రివర్యులకు ఒక చెన్నై తెలుగువాడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తమిళనాడు రెవెన్యూ, విపత్తు నిర్వహణ శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు. నేను గూడూరు దగ్గర ఒక పల్లెలో పుట్టి, బతుకుతెరువు వెతుక్కుంటూ చెన్నై చేరి, ఇరవై మూడేళ్లుగా పెరంబూరులో కాపురముంటున్నవాడిని. ఇక్కడి ప్యారిస్ కార్నర్‌లో ఒక కాగితాల దుకాణంలో లెక్కలు రాయడం నా పని. ఈ లేఖకు తమిళ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. తెలుగులో రాయడానికి కారణం, ఇందులోని సంగతి ఈ నగరంలో తరాలుగా ఉంటున్న తెలుగువారికీ, వైద్యానికో వ్యాపారానికో రోజూ రైలు దిగే నెల్లూరు, తిరుపతి ప్రాంతాలవారికీ సంబంధించినది కావడమే.

ముందుగా ఈ ఊరి మీద నాకు ఫిర్యాదేమీ లేదని చెప్పుకోవాలి. మా ఇంట్లో స్వెటరు లేదు, రగ్గు లేదు. మార్గళి నెల (మన ధనుర్మాసం) తెల్లవారుజామున కూడా ఒక పలుచని దుప్పటితో సరిపోతుంది. సాయంత్రం మెరీనా ఇసుకలో కూర్చుని, మామిడికాయ ముక్కలూ కొబ్బరీ కలిపిన బఠాణీ సుండల్ పొట్లం చేతిలో పట్టుకుంటే, ఎదురుగా వచ్చే గాలికి టికెట్టు పెట్టాలని ఇంతవరకూ ఎవరికీ తోచకపోవడం ఎంత అదృష్టమో అనిపిస్తుంది. వేసవిలో తాటిముంజలు, ఏడాది పొడవునా మల్లెపూలు, కాశిమేడు రేవు నుంచి ఆ పూటే వచ్చిన వంజరం చేప, ఇవన్నీ ఈ తీరం పెట్టే భిక్షే.

అదే తీరం తన వంతు వసూలు చేసుకుంటుందన్న సంగతీ ఇంటి ఇల్లాళ్లకు తెలుసు. కిటికీ ఊచలు రంగు వేసిన రెండేళ్లకే తుప్పు పట్టి పొట్టు రాలుస్తాయి, ఉప్పు జాడీలో నీరు ఊరుతుంది, డబ్బాలోని మురుకులు మూడో రోజుకే మెత్తబడతాయి. మా ఆవిడది కడప. అక్కడ మూడు ఎండలకే గలగలలాడే చల్లమిరపకాయలు ఇక్కడ ఐదో రోజు కూడా వేళ్ల మధ్య వంగుతాయి. "కడపలో ఎండ కొడుతుంది, ఇక్కడ ఉడకేస్తుంది" అని ఆమె అంటుంది. ఈ లేఖలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

గత మే నెలలో మా బాబాయి కంటి పరీక్ష కోసం ఊరి నుంచి వచ్చారు. పరీక్ష ముగిశాక మధ్యాహ్నం మూడున్నరకు మేమిద్దరం బస్సు కోసం నిలుచున్నాము. ఆ బస్టాపుకు కప్పు ఉంది, స్టీలు కుర్చీలూ ఉన్నాయి. అయితే ఆ స్టాపు ముఖం పడమటికి ఉండడం వల్ల సూర్యుడు వాలగానే నీడంతా వెనక్కి జరిగి మురుగుకాలువ మీద పడింది, కుర్చీలు మాత్రం పెనంలా కాలుతున్నాయి. స్టాపు పక్కన ఒక కరెంటు స్తంభం ఉంది. దాని నీడ జానెడు వెడల్పున, కాలిబాట మీద బారుగా పరుచుకుని ఉంటే, ఐదుగురు మనుషులు ఒకరి వెనుక ఒకరు ఆ నల్లని గీత మీదే నిలబడి ఉన్నారు. రేషను కొట్టు ముందు కూడా నేను అంత క్రమశిక్షణ చూడలేదు. ఐదోవాడి వెనుక మా బాబాయి నిలబడ్డారు. నీడ ఆయన దాకా రాలేదు.

చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది కానీ చెమట ఆరే దారి లేదు. పది నిమిషాల తరువాత ఆయన మాట తడబడింది, మోకాళ్లు వంగిపోయాయి. పక్కనే పూలు కట్టుకుంటున్న ఒకావిడ "అయ్యా, ఉక్కారుంగ" (కూర్చోండి) అంటూ తన ప్లాస్టిక్ స్టూలు ఆయన కిందికి తోసి, పూల మీద చల్లుకోవడానికి పెట్టుకున్న నీళ్లు ఆయన తల మీద కుమ్మరించింది. ఆయన కోలుకున్నారు. ఆవిడ మాత్రం ఆ సాయంత్రమంతా నేల మీదే కూర్చుని పూలమ్మింది. ఆ రోజు చెన్నైలో గరిష్ఠ ఉష్ణోగ్రత 36 డిగ్రీలని రాత్రి వార్తల్లో విన్నాను. అంటే లెక్క ప్రకారం ఆ రోజు ఏ విపత్తూ జరగలేదన్నమాట.

2024 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం వడగాలులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, వాటివల్ల మరణించినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామన్నది. ఆ నిర్ణయాన్ని నేను మనసారా మెచ్చుకుంటున్నాను. కానీ వడగాలి అని దేన్ని అంటారో చూడండి. వాతావరణ శాఖ కొలత ప్రకారం తీర ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 37 డిగ్రీలు ఉండాలి, అది ఆ రోజుకు మామూలుగా ఉండేదానికంటే నాలుగున్నర డిగ్రీలైనా ఎక్కువ కావాలి. మే నెలలో చెన్నైకి మామూలే 37, 38 డిగ్రీల దగ్గర ఉంటుంది గనుక దాని మీద నాలుగున్నర చేరితే పాదరసం 42 చుట్టుపక్కలకు ఎక్కాలి. 2003 మే 31న చెన్నై నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైనట్టు అలాంటి రోజులూ వస్తాయి, కాదనను. కానీ ఇక్కడి మనిషిని ఏటా నెలల తరబడి నంజుకుతినేది ఆ పొడి ఎండ కాదు, గాలిలోని తేమ. ఒళ్లు చల్లబడేది చెమట ఆవిరైతేనే. గాలి ముందే తడితో నిండి ఉంటే చెమట కారుతుందే తప్ప ఆరదు, లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. అందుకే కడపలో 41 డిగ్రీలకు తట్టుకున్న మనిషి ఇక్కడ 36కే కూలబడవచ్చు.

ఆ ప్రమాణం ఢిల్లీలో నిర్ణయమైనదనీ, మీరు మార్చగలిగింది కాదనీ నాకు తెలుసు. అయితే రాష్ట్రం తనంతట తాను ప్రకటించుకున్న విపత్తులకు విపత్తు స్పందన నిధిలో 10 శాతం దాకా వాడుకునే వీలుంది కదా. కనుక సాయం ఏ రోజున మొదలుపెట్టాలో నిర్ణయించేటప్పుడు పగటి వేడి ఒక్కదాన్నే కాక తేమనూ, రాత్రి ఎంతకు చల్లబడిందన్నదాన్నీ కలిపి చూసే కొలతను తీర జిల్లాల కోసం మీ శాఖే ఏర్పరచుకోవచ్చు. 1792లోనే వేధశాల వెలసిన నగరానికి ఇది చేతగాని పని కాదు.

రాత్రి మాట ప్రత్యేకంగా ఎత్తడానికి కారణముంది. పగలు నేల వేడెక్కి, దాని మీది గాలి పైకి లేచినప్పుడు ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. కర్తరి రోజుల్లో పడమటి గాలి బలంగా ఉంటే దాన్ని సాయంత్రం దాకా ఒడ్డునే ఆపేస్తుంది. వచ్చిన గాలి కూడా ముందు ఒడ్డునున్న బీసెంట్ నగర్ బాల్కనీలను పలకరించి, మావంటి ఇరుకు వీధుల దాకా వచ్చేసరికి ఓపిక ఉడిగిపోతుంది. మేముండేది పై అంతస్తు. పగలంతా కాగిన కప్పు రాత్రి పదకొండుకు కూడా చేయి పెడితే వెచ్చగా తగులుతుంది, ఫ్యాను ఆ వేడినే కిందికి తోస్తుంది. మిద్దె మీద నీళ్లు చల్లి చాపలు పరుచుకుందామంటే, 2019లో చెరువులెండి లారీ నీళ్ల కోసం బిందెలతో వరుస కట్టిన రోజులు గుర్తొచ్చి చెయ్యి ఆడదు. (మా కండలేరు నుంచి కాలువలో పూండి జలాశయానికి వచ్చే కృష్ణా నీటిని మిద్దె మీద పారబోస్తే మా ఊరివాళ్లు ఊరుకోరు, అది వేరే సంగతి.) ఇక మిగిలింది సముద్రమే. పిల్లలను తీసుకుని ఒడ్డుకు వెళ్తే కాసేపటికే వేళ దాటిందని పోలీసు ఈల వినబడుతుంది.

నా విన్నపాల్లో మొదటిది ఇక్కడే. మే 4 నుంచి 28 దాకా, కర్తరి ఉన్నన్నాళ్లయినా, మెరీనాలో ఒక భాగాన్ని రాత్రంతా తెరిచి ఉంచి, దీపాలూ, తాగునీరూ, ఆడవాళ్లకు మరుగుదొడ్లూ, కాపలాకు పోలీసులూ ఉండేలా చూడండి. తుపాను వస్తే జనాన్ని సముద్రానికి దూరంగా బడులకు చేర్చి పడుకోబెడుతున్నాము. ఉక్కపోత వస్తే సముద్రం దగ్గరికే రానివ్వాలి. శాంతిభద్రతల ఇబ్బంది ఉంటుందంటారేమో. ఉంటుంది. కానీ రాత్రంతా నిద్రలేని మనిషిని మరునాడు పొద్దున పరంజీ మీదికి ఎక్కించడంలో ఉన్న ప్రమాదం కూడా ఎక్కడో ఒకచోట లెక్కకు రావాలి కదా.

రెండవది నీడ. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను ఈ నగరంలో వేల చెట్లను కూల్చింది. మా వీధి మొదట్లో ఉన్న నిద్రగన్నేరు మాను కూడా ఆ మధ్యాహ్నమే వేళ్లతో సహా లేచిపోయింది. ఆ చోట నాటిన మొక్క ఇనుప కంచెలోనే ఎండిపోగా, ఇప్పుడా కంచెకు ఎవరో సైకిలు కట్టేసుకుంటున్నారు. గాలివానకు తట్టుకునే వేప, కానుగ, పొన్న వంటివి పెట్టి, మూడు వేసవులు నీళ్లు పోసే బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా చెప్పించండి. అవి ఎదిగేదాకా బస్టాపులనైనా సరిచేయించండి. పడమటి ముఖంగా ఉన్న ప్రతి స్టాపుకూ ముందువైపు ఒక తెర, స్టీలు బదులు చెక్క బల్లలు వేయిస్తే చాలు. ఇందుకు పెద్ద సమీక్షలు అవసరం లేదు.

దుకాణాల్లో పనిచేసేవారు కూర్చోవడానికి ఆసనాలు ఉండాలని 2021లో చట్టం చేసింది ఈ రాష్ట్రమే. 2025లో అన్నానగర్‌లో డెలివరీ కుర్రాళ్ల కోసం ఏసీ విశ్రాంతి గది తెరిచిందీ ఈ నగరమే. గోడల మధ్య పనిచేసేవారికీ, బండి మీద తిరిగేవారికీ దక్కిన ఆ శ్రద్ధ రోడ్డు పక్కన పూలు కట్టే ఆవిడ దాకా, బస్సు కోసం నిలబడిన ముసలాయన దాకా ఇంకా రాలేదు.

కర్తరికి ముందే మీ శాఖ నుంచి ఎవరినైనా ఒక మధ్యాహ్నం మూడున్నరకు ఆ బస్టాపుకు పంపండి. స్తంభం నీడ ఎక్కడ పడుతుందో, దానిలో ఎందరు పడతారో నేనే దగ్గరుండి చూపిస్తాను. పూలావిడను కూడా కలుసుకోవచ్చు. ఆమెకిప్పుడు రెండు స్టూళ్లున్నాయి, రెండోది మా బాబాయి కొనిచ్చారు.

ఇట్లు,
భవదీయుడు,
పెరంబూరు వాసి, చెన్నై