ఈ ఫోన్ల బెడద ఆపండి

అయ్యా,

ఎండ పూట కాసేపు నడుం వాల్చామో లేదో, ‘లోన్ కావాలా మేడమ్’ అంటూ ఫోన్. కడపలో మా వీధిలో ఇంటింటా ఇదే గోల. మోకాళ్ల నొప్పులతో మా అత్తగారు గోడ పట్టుకుని లేచి వచ్చి ఎత్తితే, అవతల ప్లాట్ల బేరం! ముసలివాళ్లను ఇంత అవస్థ పెట్టడం అన్యాయం.

1909కు ఫోన్ చేసి డీఎన్‌డీ (ప్రచార కాల్స్ వద్దనే నమోదు) పెట్టించుకోవచ్చు. ఆ తర్వాతా వస్తే 7 రోజుల్లోగా అదే నంబరుకు ఫిర్యాదు చేయొచ్చు. ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలన్నది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన. మామూలు పది అంకెల నంబర్లతో విసిగించేవాళ్ల కనెక్షన్లు ముందు కోసేయాలి. ఫోన్‌లో నొక్కడం చేతకాని పెద్దలకు టెలికాం కంపెనీల వాళ్లే తమ ఆఫీసుల్లో డీఎన్‌డీ నమోదు చేసి పెట్టాలి.

- ఒక గృహిణి, ఎర్రముక్కపల్లె, కడప