ఆ పెనాల్టీ సంగతి కొంచెం పేపర్లో వేయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం. తిరుపతి కొర్లగుంటలో మాది చిన్న టిఫిన్ అంగడి. పొద్దున అయిదుకల్లా మీ పేపరు మా బల్ల మీద పడుతుంది, పదకొండుకంతా చట్నీ మరకలు తప్ప ఏమీ మిగలవు, అంతమంది చేతులు మారుతుంది అది.

2025 జులై 27 ఆదివారం రాత్రి తొమ్మిదో క్లాసు చదివే మా పాప పట్టుబట్టి నన్ను కూర్చోబెట్టింది, స్విట్జర్లాండ్ బాసెల్‌లో ఆడోళ్ళ యూరో కప్పు ఫుట్‌బాల్ ఫైనలు, ఇంగ్లాండ్‌కీ స్పెయిన్‌కీ. మనకు తొమ్మిదిన్నరకు మొదలు. నాలుగింటికి లేచి పొయ్యి ముట్టించాల్సిన దాన్ని, సగం చూసి పడుకుందాంలే అనుకున్నా. 25వ నిమిషంలో స్పెయిన్ మరియోనా తలతో గోల్ కొట్టేసింది, ఇంక అయిపోయిందిలే అనుకుంటే ఇంగ్లాండ్ లారెన్ జేమ్స్‌కు దెబ్బ తగిలి బయటికి పోయి ఆమె బదులు క్లోయీ కెల్లీ వచ్చింది, ఆ కెల్లీ వేసిన క్రాస్‌కే రూసో తలతో కొట్టి 57లో సమం చేసింది, ఇంక నిద్ర ఎక్కడ సార్. ఎక్స్‌ట్రా టైం కూడా అయిపోయి పెనాల్టీలకు వచ్చేసరికి పన్నెండు దాటింది.

అసలు గొడవంతా ఇక్కడే. ఇంగ్లాండ్ తరఫున మొదట బెత్ మీడ్ కొట్టింది, కాలు జారి బంతి రెండు కాళ్ళకూ తగిలి లోపల పడింది. అట్లా రెండుసార్లు తగలకూడదని రిఫరీ మళ్ళీ కొట్టమనింది, రెండోసారి స్పెయిన్ కీపర్ ఆపేసింది. పొద్దున్నే అంగట్లో ఇద్దరు హాస్టల్ పిలకాయలు దీని మీదే పట్టుకున్నారు. ఒకడేమో మార్చిలో మగోళ్ళ మ్యాచ్‌లో, రియల్ మాడ్రిడ్ మీద ఆడిన అట్లెటికో ఆటగాడు అల్వారెజ్ ఇట్లాగే జారితే గోల్ క్యాన్సిల్ చేసినారు, మళ్ళీ ఛాన్స్ ఇయ్యలేదు, ఈమెకు మాత్రం ఎట్లా ఇస్తారంటాడు. ఇంకోడు ఇచ్చింది కరెక్టే అంటాడు. పందెం రెండు నెయ్యి దోశలు. పేపర్లో వస్తుంది చూద్దాం అనుకున్నారు.

సోమవారం పేపర్లో ఆ మ్యాచే లేదు. సరే, అర్ధరాత్రి దాకా సాగింది, అప్పటికి మీకు ప్రింటింగ్ అయిపోయుంటుంది. పేజీ నిండా మాంచెస్టర్ టెస్టు డ్రా, జడేజా, వాషింగ్టన్ సుందర్ సెంచరీలు. నేనూ చదివి సంతోషపడినా, దాన్ని తీసేయమని నేను అనను. మంగళవారం చూస్తే మూలన నాలుగు లైన్లు, పెనాల్టీల్లో 3-1తో ఇంగ్లాండ్ గెలుపు, కప్పు పట్టుకున్న ఫొటో, అంతే! ఇంగ్లాండ్ కీపర్ హాంప్టన్ రెండు ఆపింది, అందులో ఒకటి స్పెయిన్ స్టార్ బోన్మతీది, అది లేదు. చివరి పెనాల్టీకి కెల్లీ గంతేసి ఉరికొచ్చి కొట్టడం లేదు, మా పాప ఇప్పుడు రోజూ సందులో రెండు ఖాళీ సిలిండర్ల మధ్య అదే గంతు. ఇంగ్లాండ్ లూసీ బ్రాంజ్ కాలి ఎముక చిట్లినా టోర్నీ మొత్తం ఆడిందంట, మ్యాచ్ అయినాక బయటపెట్టింది. నాకు చెయ్యి కాలితే రెండు రోజులు అంగడి మూస్తా సార్.

మన అమ్మాయిలు కూడా జులై 5న థాయ్‌లాండ్‌ను వాళ్ళ ఊర్లోనే 2-1తో కొట్టి 2026 మార్చిలో ఆస్ట్రేలియాలో జరిగే ఫుట్‌బాల్ ఆసియా కప్పుకు అర్హత తెచ్చుకున్నారు. వాళ్ళ ఆటలకన్నా ఆ మూల కొంచెం పెద్దది చేయండి.

పందెం సంగతి. మా పాప ఫోన్లో వెతికి చూపించింది, అల్వారెజ్ గొడవ తర్వాత జూన్‌లో రూల్ మార్చినారంట, తెలియకుండా రెండుసార్లు తగిలి గోల్ పడితే మళ్ళీ కొట్టించాలి. ఓడిపోయినోడు ఒప్పుకోవడం లేదు. ఫోన్లో ఏమైనా రాస్తారక్కా, పేపర్లో వస్తేనే దుడ్లు ఇస్తా అంటున్నాడు. రెండు నెయ్యి దోశలు ఇంకా నా ఖాతాలోనే ఉన్నాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి